సేంద్రియ తోటపని: అమ్మకంతో సంబంధం లేని మాట ఎక్కడ దొరుకుతుంది?

పెరటిమొక్క (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది తోటపాలెం. ఇంటి వెనుక కొద్దిపాటి నేల, పైన డాబా ఉన్నాయి. వంగ, బెండ, టమాటా, ఆనప, ఆకుకూరలు రసాయన మందులు లేకుండా పండించుకోవాలని నా కోరిక. ఒళ్లు వంచి పనిచేయడం నాకు కష్టం కాదు. ఎవరి మాట వినాలో తెలియకపోవడమే కష్టంగా ఉంది.

ఒక వీడియోలో ఎప్సం సాల్టు అన్ని మొక్కలకూ అమృతం అంటారు. ఇంకొకరు అది వేస్తే నేల పాడవుతుందంటారు. గుడ్డు పెంకులు వేస్తే టమాటా కుళ్లదని ఒకరు, అదంతా వట్టిదని ఒకరు. ఏది చూసినా చివరికి ఒక డబ్బానో ప్యాకెట్‌నో కొనమంటున్నారు. అమ్మకంతో, ప్రచారంతో సంబంధం లేని సమాచారం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుంది? ఒక మాట నమ్మదగినదో కాదో మీరెలా తేల్చుకుంటారు?

గరివిడి_మాస్టారు (గరివిడి)

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అమ్మేవాడి పక్షపాతం బయటికి కనిపిస్తుంది. అందుకే దానివల్ల మనకు ముప్పు తక్కువ. ఒక పద్ధతిని ప్రాణంగా నమ్మినవాడి పక్షపాతం అంత తేలికగా కనిపించదు. అతనికి లాభాపేక్ష లేదు, అబద్ధమూ చెప్పడు. కాకపోతే తన పద్ధతి పనిచేసిన తోటలే అతని కంటపడతాయి, పనిచేయని తోటలు పడవు. సేంద్రియం వైపూ ఇలాంటివారున్నారు, రసాయనం వైపూ ఉన్నారు.

కాబట్టి "చెప్పినవాడు మంచివాడా?" అన్న దగ్గరే ఆగిపోకండి. "ఇది వేయకపోతే ఏమయ్యేది?" అని అడగండి. వీడియోలో ద్రావణం పోసిన మొక్క పచ్చగా ఉంటుంది. పోయని మొక్కను పక్కన పెట్టి చూపించారా? రెండూ ఒకే రోజు నాటినవేనా? రెండింటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే నీరు అందాయా? పోలికకు ఏమీ చేయని మడి లేనప్పుడు ఆ పచ్చదనం ద్రావణం వల్ల వచ్చిందో, మొన్న కురిసిన వాన వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేను చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే నిలబడలేదు.

నాగావళి_ఒడ్డు (ఆమదాలవలస)

నేను నైర వ్యవసాయ కళాశాలలో చదివాను. ప్రస్తుతం సొంత పొలమే చూసుకుంటున్నాను, ఏ కంపెనీతోనూ సంబంధం లేదు. స్థానికంగా ఎవరిని అడగవచ్చో చెబుతాను.

ఆమదాలవలసలో రైతులకు సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) ఉంది. ఉమ్మడి విజయనగరం జిల్లాకు రస్తాకుంటుబాయిలో ఉంది. రెండూ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివే. కూరగాయలు, పండ్లు, పూల విషయానికి వస్తే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, దాని కళాశాల ఒకటి పార్వతీపురంలో నడుస్తోంది. కొబ్బరికి అంబాజీపేట, జీడిమామిడికి బాపట్ల పరిశోధన స్థానాలు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే 'వ్యవసాయ పంచాంగం'లో ఏ పురుగుకు ఏ దశలో ఏం చేయాలో ఉంటుంది. దగ్గరలో అడగడానికి ఎవరూ లేకపోతే కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరుకు ఫోను చేయండి. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఎప్సం సాల్టు. అది మెగ్నీషియం సల్ఫేటు. మట్టిలో మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు వేస్తే ఫలితం కనిపిస్తుంది. లోపం లేనిచోట వేస్తే ప్రయోజనం లేకపోగా, ఎక్కువైన మెగ్నీషియం మొక్క కాల్షియం తీసుకోవడానికి అడ్డుపడుతుంది. ఆ ఇద్దరిలో ఎవరి మాట నిజమన్నది మీ మట్టిని బట్టి ఉంటుంది. మట్టిని చూడకుండా ఇద్దరూ తీర్పు చెప్పేశారు.

గుడ్డు పెంకు అంటే కాల్షియం కార్బొనేటు. మెత్తగా పొడి చేయకుండా వేస్తే కరగడానికి చాలా కాలం పడుతుంది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లడానికి ఎక్కువసార్లు కారణం మట్టిలో కాల్షియం లేకపోవడం కాదు. నీరు ఒకరోజు ఎక్కువ, మరో రెండు రోజులు అసలు లేకుండా పెట్టడం వల్ల ఉన్న కాల్షియం కాయ దాకా చేరదు. డాబా మీది కుండీల్లో ఇది మరీ ఎక్కువ. ముందు నీటిని క్రమంలో పెట్టి చూడండి.

నవధాన్యం (రాజాం)

నాగావళి గారూ, మీరు చెప్పిన సంస్థలంటే నాకు గౌరవం ఉంది. అయినా వాటికి పక్షపాతం లేదంటే మాత్రం ఒప్పుకోలేను. యూరియా ఇన్ని బస్తాలు, ఫలానా మందు ఇన్ని మిల్లీలీటర్లు అని దశాబ్దాలపాటు ఊరూరా చెప్పింది ఆ సంస్థలే కదా? నేను మహిళా సంఘం సభ్యురాలిని. మా మండలంలో ప్రకృతి సేద్యం చేసే కుటుంబాలతో కలిసి పనిచేస్తాను. ఎరువుల ఖర్చు తగ్గి అప్పులు తీర్చుకున్న ఇళ్లు నాకు తెలుసు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. దీన్ని "నమ్మకం" అని తీసిపారేయకండి, మాస్టారూ.

గరివిడి_మాస్టారు (గరివిడి)

తీసిపారేయలేదమ్మా. మీరు లేవనెత్తిన విషయం న్యాయమైనది. ప్రభుత్వ సంస్థ చెప్పినంత మాత్రాన అది శిలాశాసనం కాదు. కాకపోతే బహుమతి వేరు, దిగుబడికి రుజువు వేరు. ఆ బహుమతి వాతావరణ మార్పును ఎదుర్కోవడంలో చేసిన కృషికి ఇచ్చారు, మన రాష్ట్ర కార్యక్రమంతోపాటు మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌కూ, ఈజిప్టులోని సెకెమ్ సంస్థకూ కలిపి. మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని బహిరంగంగానే అంది. రెండు వైపులా పెద్దవాళ్లే ఉన్నారు. బిరుదులను చూసి తేల్చుకోలేం, లెక్కలోకి దిగాల్సిందే.

ప్రకృతి సేద్యంలో వాడే జీవామృతాన్నే తీసుకుందాం. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో ఉండే నత్రజని మొత్తం కట్టినా పావు కిలో దాటడం కష్టం. వరికి ఎకరాకు సిఫారసు చేసే నత్రజని పదుల కిలోల్లో ఉంటుంది. అంటే జీవామృతం ఒక్కటే పంటకు తిండి పెడుతుందని ఎవరైనా చెబితే ఆ లెక్క కుదరదు.

నవధాన్యం (రాజాం)

ఆ లెక్క సరైనదే. అయితే జీవామృతాన్ని ఎరువుగా వాడమని మాకు శిక్షణలో ఎప్పుడూ చెప్పలేదు. ఈ సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ కూడా దాన్ని సూక్ష్మజీవుల తోడుగానే చెప్పారు. పాలు లేకుండా తోడు ఒక్కటే వేస్తే పెరుగు కాదు కదా! తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతాం. పప్పుజాతి మొక్కలు అంతరపంటగా పెడతాం, వాటి వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. ఆకూ అలమూ నేల మీదే ఆచ్ఛాదనగా పరుస్తాం. ఇవన్నీ వదిలేసి, డ్రమ్ములో జీవామృతం కలిపి పోస్తే చాలని వీడియోల్లో చూపిస్తున్నారు. దాన్ని చూసి విఫలమైనవారు పద్ధతినే తిడుతున్నారు. నా బాధ అది.

నాగావళి_ఒడ్డు (ఆమదాలవలస)

అక్కా, ఇప్పుడు మీరు రాసిన ఈ వివరణే పెరటిమొక్క గారికి కావలసినది. పద్ధతి పూర్తిగా ఏమిటో, అందులో ఏ భాగం ఏ పని చేస్తుందో స్పష్టంగా చెప్పారు. ఇలా చెప్పగలిగినవారి మాట నేను శ్రద్ధగా వింటాను. "వేయండి, అద్భుతం చూడండి" అనేవారి దగ్గర ఆగను.

దిగుబడి మీద దీర్ఘకాలం జరిగిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర 1978 నుంచి సేంద్రియ, సాధారణ పద్ధతులను పక్కపక్క మడుల్లో పోలుస్తున్నారు. 21 ఏళ్ల ఫలితాలు 2002లో ప్రచురించారు. సేంద్రియ మడుల్లో దిగుబడి 20 శాతం తక్కువ, కానీ ఎరువుల వాడకం కనీసం 34 శాతం తగ్గింది, మట్టిలో జీవం పెరిగింది. ఈ ప్రయోగంలో పాలుపంచుకున్నది సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థే. తనకు ఇష్టమైన పద్ధతికి దిగుబడి తగ్గిందని తానే అచ్చువేసింది చూడండి, అక్కడ నాకు నమ్మకం కుదిరింది. మన దేశంలోనూ మోదీపురం కేంద్రంగా 2004-05 నుంచి ఇలాంటి పోలిక ప్రయోగాలు అనేక రాష్ట్రాల్లో సాగుతున్నాయి.

అక్క అన్నట్టు ప్రభుత్వ సలహాల్లో రసాయనాల వైపు మొగ్గు ఉండేది, దాన్ని కాదనను. కానీ ఇప్పుడు కేవీకేలో సేంద్రియం గురించి అడిగితే చెబుతారు. మనం అడిగే తీరును బట్టి కూడా జవాబు వస్తుంది. "ఏ మందు కొట్టాలి?" అంటే మందు పేరు చెబుతారు. "మందు లేకుండా ఏం చేయవచ్చు, ఎంత నష్టం వరకు ఓర్చుకోవచ్చు?" అని అడిగి చూడండి.

ఉద్దానం_కొబ్బరి (కవిటి)

ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను ఎలా పడగొట్టిందో అందరికీ తెలిసిందే. ఆ దెబ్బ తర్వాత తిరిగి మొక్కలు నాటుకున్న రైతుల దగ్గరికి వచ్చినన్ని సీసాలు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. వేరు పెంచేది, పూత నిలిపేది, కాయ బరువు పెంచేది. అన్నింటి మీదా పచ్చ ఆకు బొమ్మ, "సేంద్రియం" అన్న మాట. లోపల ఏముందో మాత్రం లేదు.

తర్వాత సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట కనిపించిన పురుగు ఇది. ఆకుల అడుగున సుడులు సుడులుగా తెల్లటి మైనం, కింది ఆకుల మీద నల్లటి మసి. చూస్తే గుండె ఆగిపోతుంది. అమ్మేవాళ్లు ఆ భయాన్నే పట్టుకున్నారు. పరిశోధన స్థానం వాళ్లు చెప్పింది దానికి పూర్తిగా విరుద్ధం. ఈ పురుగు వల్ల చెట్టు చనిపోదు, రసాయన మందు కొట్టవద్దు, ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగ తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది, మందు కొడితే ముందు చచ్చేది అదేనని చెప్పారు. పసుపు రంగు జిగురు అట్టలు కట్టమన్నారు, పెద్ద ఒత్తిడితో నీళ్లు కొట్టమన్నారు, మసికి ఒక శాతం గంజి ద్రావణం పిచికారీ చేయమన్నారు. అంబాజీపేటలో ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కూడా తయారు చేస్తున్నారు.

పెరటిమొక్క గారూ, మీరడిగిన గుర్తు నాకు ఇక్కడే కనిపించింది. "ఏమీ కొనవద్దు, ఆగి చూడు" అని చెప్పగలిగినవాడికి మన జేబుతో పనిలేదు.

ఇంకొక్క మాట, ఇది కోపంతోనే రాస్తున్నాను. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో చెప్పనక్కరలేదు. దానికి కారణం ఇదీ అని ఎన్నో ఏళ్ల పరిశోధన తర్వాత కూడా ఒక్క మాటగా తేలలేదు. అలాంటి జబ్బు పేరు చెప్పి "మా ఎరువు వాడితే మీ కిడ్నీలు భద్రం" అని అమ్మడానికి వస్తున్నారు. రోగుల భయం మీద వ్యాపారం చేసేవాళ్లను ఊళ్లోకి రానివ్వకూడదు. పురుగుమందులు తగ్గించుకోవడం మంచిదే, పిచికారీ చేసేవాడి ఒంటికి అది మేలు. ఆ మేలును తేలని జబ్బుకు ముడిపెట్టి అమ్మడం పాపం.

పెరటిమొక్క (విజయనగరం)

ఉద్దానం గారూ, మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది. చాలా ఉపయోగపడింది కూడా. ఒక సందేహం. కొన్ని కొనక తప్పదు కదా: వర్మికంపోస్టు, వేపనూనె, కొబ్బరి పొట్టు. కొనేటప్పుడు ఏం చూడాలి?

అంగడి_అప్పారావు (చీపురుపల్లి)

ముందుగా చెప్పేస్తున్నాను, నాది విత్తనాలు, ఎరువుల దుకాణం. దీన్ని దృష్టిలో పెట్టుకునే నా మాట చదవండి.

ప్యాకెట్ మీద "సేంద్రియం" అని రాసుకున్నంత మాత్రాన దానికి ధ్రువీకరణ ఉన్నట్టు కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి సేంద్రియ ఎరువులు, జీవన ఎరువులు (మేలుచేసే సూక్ష్మజీవులున్నవి) 2006లో వచ్చాయి. 2021లో మొక్క ఎదుగుదలను ప్రేరేపించే జీవ ఉత్ప్రేరకాలనూ చేర్చారు. కాబట్టి వర్మికంపోస్టు సంచి మీద తయారీదారు చిరునామా, బ్యాచ్, తేదీ, పోషకాల శాతాలు ఉండాలి. ద్రవరూప జీవన ఎరువైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల జీవకణాలుండాలి. గడువు తేదీ చూడండి, దుకాణంలో ఎక్కడ పెట్టారో కూడా చూడండి. ఎండ పడే అరలో ఉన్న సీసాలో ప్రాణం ఎంత మిగిలి ఉంటుందో మీరే ఆలోచించండి.

పురుగును చంపుతుందని చెప్పి అమ్మేది ఏదైనా, వేప మందు అయినా సరే, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టర్ కావాలి. ఆ నంబరు లేబుల్ మీద ఉంటుంది. వేప మందులో అజాడిరాక్టిన్ (పురుగు మీద పనిచేసే వేప పదార్థం) ఎంతో పీపీఎంలలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో రాస్తారు, 300, 1500, 10000 ఇలా. 300 దానికీ 10000 దానికీ మోతాదు ఒకటి కాదు. వీడియోలో చెప్పిన మోతాదు కాకుండా లేబుల్ మీది మోతాదే వాడండి. జీవ ఉత్పత్తుల పేరుతో లోపల రసాయన మందు కలిపిన సీసాలు పట్టుబడిన సందర్భాలున్నాయి. "సేంద్రియ" మందు కొట్టిన గంటలో పురుగులన్నీ రాలిపోతే సంతోషించకండి, అనుమానించండి.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నానబెట్టి, నీళ్లు మార్చి కడిగాకే కుండీలో కలపండి.

నవధాన్యం (రాజాం)

అప్పారావు గారు చెప్పిన దానికి ఒక చేర్పు. ఇంట్లో చేసుకునే కషాయాలన్నీ హాని లేనివని అనుకోవద్దు. పొగాకు కషాయంలో నికోటిన్ ఉంటుంది, అది మనిషికీ విషమే, తేనెటీగలకూ విషమే. ఆకుకూరల మీద అసలు కొట్టవద్దు. ఈ సంగతి మా సంఘంలో పదేపదే చెబుతాం.

సువర్ణరేఖ (గజపతినగరం)

కూరగాయలు, పండ్లు "సేంద్రియం" అని కొనేవాళ్లకు కూడా ఒక మాట. 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద మూడో సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. పీజీఎస్ అనే భాగస్వామ్య హామీ పద్ధతిలో రైతుల బృందం ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. రెండింటిలో ఏదైనా ఉంటే 'జైవిక్ భారత్' గుర్తు వాడవచ్చు. మామిడిపండును నీళ్లలో వేస్తే మునిగినది సహజంగా పండినదని ఏటా వేసవిలో ఒక సందేశం తిరుగుతుంది. నమ్మకండి. పండు తేలడం, మునగడం దాని ముదురుతనాన్ని బట్టి కూడా మారుతుంది. కార్బైడు నిషిద్ధం, నియంత్రిత మోతాదులో ఎథిలిన్ వాయువుకు అనుమతి ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రైతును తిట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గరివిడి_మాస్టారు (గరివిడి)

పెరటిమొక్క గారూ, మీ డాబాయే మీకు పరిశోధన స్థానం కాగలదు. ఒకే పరిమాణం కుండీలు తీసుకుని, ఒకే మట్టి మిశ్రమం నింపి, ఒకే ప్యాకెట్‌లోని బెండ విత్తనాలు ఒకే రోజు వేయండి. సగం కుండీలకు మీరు పరీక్షించదలచిన ద్రావణం, మిగతా సగానికి అంతే పరిమాణంలో మామూలు నీరు పోయండి. ద్రావణం కుండీలన్నీ ఒకవైపు, నీటి కుండీలన్నీ మరోవైపు పెట్టకండి, చీట్లు తీసి కలగలిపి పెట్టండి. లేకపోతే గోడ నీడే ఫలితాన్ని మార్చేస్తుంది. కోసిన కాయలు తూచి రాసుకోండి. వీలైతే ఏ కుండీకి ఏది పోశారో తెలియని మనిషి చేత తూయించండి. మన కళ్లు మనం కోరుకున్నదే చూస్తాయి.

నాగావళి_ఒడ్డు (ఆమదాలవలస)

దానికన్నా ముందు పెరటి నేలకు మట్టి పరీక్ష చేయించండి. 2015లో మొదలైన భూసార పత్రంలో 12 అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, ప్రధాన పోషకాలు, గంధకం, జింకు వంటి సూక్ష్మపోషకాలు. కూరగాయల మడికి 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో తవ్వి, ఆ గుంత గోడ నుంచి పలుచగా మట్టి తీయాలి. పెంటకుప్ప దగ్గర, గట్టు మీద, చెట్టు నీడలో తీయవద్దు. నాలుగైదు చోట్ల తీసినది కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేలా చేయండి. నీడలో ఆరబెట్టి ఇవ్వండి. ఆ 12 అంశాల్లో మెగ్నీషియం లేదు, దాన్ని కూడా చూడమని విడిగా అడగండి. ఆ ఫలితం చేతిలో ఉంటే ఎప్సం సాల్టు గురించి మీకు ఎవరి వీడియో అక్కరలేదు.

వేదిక_నిర్వాహకులు

ఈ చర్చను పైన నిలిపి ఉంచుతున్నాం. ఇకపై ఎరువులు, విత్తనాలు, మందులు, శిక్షణ తరగతులు అమ్మేవారు ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి, అప్పారావు గారు చెప్పినట్టు. "మా తోటలో పనిచేసింది" అని రాసేవారు మట్టి రకం, కాలం, పోలికకు ఏమైనా వదిలారా లేదా అన్నవి కూడా రాయండి.

జీడితోట (వజ్రపుకొత్తూరు)

కొత్త సభ్యుణ్ణి. జీడి చిగుళ్లు కాలినట్టు మాడిపోతున్నాయి. ఊళ్లో ఒకాయన టీ దోమ అన్నాడు, సేంద్రియ మందు ఉందని సీసా చూపించాడు. కొనాలా?

ఉద్దానం_కొబ్బరి (కవిటి)

తమ్ముడూ, కొనకు. ముందు అది టీ దోమేనా (చిగుళ్ల రసం పీల్చే పురుగు) అన్నది తేలాలి. లేత కొమ్మల మీద, ఆకు ఈనెల మీద నల్లటి మచ్చలు, వాటి దగ్గర జిగురు కనిపిస్తున్నాయా? చిగురుతోపాటు పూత కూడా ఎండుతోందా? చెట్టు మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలి ఉంటే అది కాండం తొలిచే పురుగు, దానికి చేయాల్సిన పని వేరు. ఇంకొకటి చూడు: ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఏ చెట్ల మీద ఉన్నాయి, ఆ చెట్లకు మాడు తక్కువగా ఉందా? ఆ చీమలు టీ దోమను తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. కోతకు ఇబ్బందని వాటిని చంపేస్తుంటాం.

జీడితోట (వజ్రపుకొత్తూరు)

మచ్చలున్నాయి అన్నగారూ. మొదట్లో పొట్టు లేదు. చీమల సంగతి ఇప్పటిదాకా చూడలేదు. రేపు పొద్దున్నే తోటంతా తిరిగి చూస్తాను.

నాగావళి_ఒడ్డు (ఆమదాలవలస)

మాడిన కొమ్మలు కొన్ని, బాగున్న కొమ్మ ఒకటి కోసి, కాగితంలో చుట్టి మా ఊరి కేవీకేకు తీసుకురండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకు బూజు పట్టి అసలు లక్షణం కనిపించదు. ఆ సీసా లేబుల్‌ను కూడా ఫోటో తీసుకుని రండి, రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అక్కడే చూద్దాం.